ఇంటి దూలము – వడ్రంగిపిట్ట

(గ్రామ పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

గ్రామములలో ఇల్లు కట్టుట జీవితమున ఒక్కమారు చేయు పని. ఆ ఇంటి కప్పును మోయు దూలము రెండు మూడు తరముల వారికి నీడ నిచ్చును. అట్టి దూలమునకు రంధ్రము పడినదని కనుగొన్ననాడు ఇంటి యజమానుని మనస్సు కలతపడుట సహజము. ఆ రంధ్రము చేసినది పట్టపగలు అందరి కన్నుల యెదుట టకటకమని ముక్కుతో పొడుచు వడ్రంగిపిట్ట యైనచో, కోపమంతయు దానిమీదికే పోవును. పిల్లలు ఉండేలు తీసికొందురు. పెద్దలు బంక పూయుదమా, మందు పెట్టుదమా అని యోచింతురు. కొన్నాళ్లకు ఆ ఫిర్యాదు పంచాయతీ కార్యాలయమునకు వచ్చును.

అట్టి సమయమున పంచాయతీ సభ్యుడు ఏమి చెప్పవలెను? ఏమి చేయవలెను? ఈ పాఠమునందు ఆ విషయము వివరింపబడుచున్నది. ముందుగా చెప్పదగిన మాట యొకటి కలదు. పిట్ట చేసిన రంధ్రము పైకి కనబడును. పురుగు చేసిన రంధ్రము లోపల దాగియుండును. ఇంటికి ఎక్కువ కీడు చేయునది సాధారణముగా ఈ రెండవదే. కావున పిట్టను తరుముటకు ముందు కలపను పరీక్షింపవలెను.

ఈ పక్షి ఎట్టిది?

వడ్రంగిపిట్టలలో పెక్కు జాతులు కలవు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఊళ్ల చెంత, మామిడి తోటలలోను, తాటి, కొబ్బరి చెట్లమీదను తరచుగా కనబడునది బంగారు వన్నె వీపుగల జాతి. దీని పొడవు సుమారు 26 మొదలు 29 సెంటీమీటర్లు. వీపు పసిమి వన్నె; నడుము నలుపు; నల్లని కంఠముపై తెల్లని చుక్కలు; తలపై ఎర్రని జుట్టు. ఆడుపక్షికి నొసటి భాగము ఎర్రగా నుండక నల్లగా నుండి తెల్లని చుక్కలు కలిగియుండును. ఎగురునప్పుడు అలవలె లేచుచు దిగుచు పోవును. గలగల నవ్వినట్లు కూయును.

దీని శరీర నిర్మాణమంతయు మ్రాను తొలుచు పనికి తగియున్నది. కాలివ్రేళ్లలో రెండు ముందునకు, రెండు వెనుకకు ఉండుటచే నిలువు మ్రానును గట్టిగా పట్టుకొనగలదు. బిరుసైన తోక యీకలను మ్రానునకు ఆనించి ఊతగా గైకొనును. ముక్కు ఉలివంటిది. నాలుక మిక్కిలి పొడవైనది. దానిని మోయు సన్నని యెముకలు పుఱ్ఱె వెనుకగా పైకి చుట్టుకొని యుండును. ముక్కుతో తెరచిన సందులోనికి ఆ నాలుకను చాచి పురుగును వెలికి లాగును. దీని ముఖ్యాహారము చీమలు, పెంకుపురుగులు, వాని పిల్లలు.

ఫిబ్రవరి మొదలు జూలై వరకు ఇది పిల్లలను పెట్టు కాలము. ఎండిన కొమ్మలోనో, పుచ్చిన మ్రానులోనో తానే తొర్ర తొలిచి, అందు రెండు మూడు గ్రుడ్లు పెట్టును. సుమారు 11 దినములు పొదుగును. పిల్లలు సుమారు 20 దినములకు గూడు విడిచి యెగిరిపోవును.

ఈ తొర్రను గూర్చి పంచాయతీ సభ్యులు గుర్తుంచుకొనదగిన సంగతి యొకటి కలదు. వడ్రంగిపిట్ట విడిచిన తొర్రలలో చిలుకలు, గోరువంకలు, చిన్న గుడ్లగూబలు, పాలపిట్టలు కాపురము పెట్టును. వీనికి మ్రాను తొలుచు ముక్కు లేదు. ఒకరు కట్టిన ఇంట నుండవలసినవే. రామచిలుకను 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించిరి. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరానాడు మనము దర్శింపగోరు పాలపిట్టకును, తోటలోని చిలుకకును ఇల్లు కట్టి యిచ్చు వడ్రంగులలో ఈ పిట్ట యొకటి. చిన్న గుడ్లగూబ రాత్రులందు పురుగులను, చిట్టెలుకలను పట్టి తినును. కావున ఒక్క వడ్రంగిపిట్టను చంపిన యెడల నష్టము ఆ యొక్క పక్షితో ముగియదు.

పిట్ట ఏల తొలుచును?

వడ్రంగిపిట్ట కొయ్యను పొడుచుటకు ముఖ్యముగా మూడు కారణములు కలవు. ఏ కారణమున పొడిచెనో తెలిసినగాని తగిన ఉపాయము దొరకదు. రంధ్రమును చూచియే చాలవరకు కారణము పోల్చుకొనవచ్చును.

మొదటి కారణము ఆహారము. కలప లోపల పురుగులున్నచో పిట్ట వానికొరకు పొడుచును. ఇట్టి రంధ్రములు చిన్నవి, వంకరటింకరవి. ఒకచోట గుంపుగా గాని, పురుగు తొలిచిన దారివెంట వరుసగా గాని ఉండును. అంచులు చీలికలుగా లేచి యుండును.

రెండవ కారణము నివాసము. గూటికొరకో, రాత్రి తలదాచుకొనుటకో తొలిచిన రంధ్రము గుండ్రముగా, నున్నని అంచుతో, సుమారు మూడు అంగుళముల వెడల్పున ఉండి లోపల క్రిందికి దిగియుండును. తాటి మొద్దు స్తంభములు, పాతబడిన పందిరి గుంజలు, మెత్తబడిన దూలపు కొనలు ఇందుకు అనుకూలములు.

మూడవ కారణము చాటింపు. ఊరి నడుమ దండోరా వేసినట్లు, ఇది నా తావు అని తెలుపుటకును, జతను పిలుచుటకును ఈ జాతి పక్షులు చప్పుడగు చోటును వెదకి వేగముగా ముక్కుతో కొట్టును. ఇందువలన కొయ్యపై లోతులేని గంట్లు మాత్రమే పడును. రేకు కప్పుపైనను, ఇనుప గొట్టముపైనను కొట్టుట కలదు. ఇట్టి చప్పుడు పిల్లలను పెట్టు కాలము గడచిన వెంటనే చాలవరకు తగ్గిపోవును.

పై మూడింటిలో ఇంటి యజమానుడు ఎక్కువ జాగ్రత్త పడవలసినది మొదటి దాని విషయమున. ఏలయనగా అక్కడ పిట్ట లేకున్నను నష్టము జరుగుచునే యుండును. పిట్ట ఆ నష్టమును బయటపెట్టినది మాత్రమే.

కలపను పరీక్షించు విధము

ఫిర్యాదు వచ్చినప్పుడు సభ్యుడు ఊరి వడ్రంగిని వెంట బెట్టుకొని ఆ యింటికి పోవుట మంచిది. యజమానుడు పెద్దవాడై, కోపముతో నున్నచో వాదమునకు దిగక, “బాబాయి గారూ, పిట్ట సంగతి తరువాత చూతము, ముందు దూలమెట్లున్నదో చూడనీయండి” అని చెప్పి పని ప్రారంభింపవలెను. పరీక్షకు పెద్ద సాధనము లక్కరలేదు. ఒక టార్చిలైటు, ఒక కొయ్య సుత్తి, ఒక ఉలి, నిలుచుటకు నిచ్చెన చాలును.

1. దూలము క్రింద నేలను చూడవలెను. పిండివంటి మెత్తని పొడి రాలియున్నచో అది పుచ్చు పురుగు పని. రంపపు పొట్టువంటి ముతక పొడి రాలి, పైన అర అంగుళమునకు చేరువగా గుండ్రని రంధ్రమున్నచో అది కొయ్య తొలుచు నల్ల తుమ్మెద పని. ఈ తుమ్మెద ఎండిన వాసములలోను, వెదురు బొంగులలోను గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు వడ్రంగిపిట్టకు ప్రియమైన ఆహారము.

2. గోడమీదను, దూలము చివరలను చూడవలెను. సన్నని మట్టిగొట్టములు నేలనుండి పైకి పాకియున్నచో చెద పట్టినదని తెలిసికొనవలెను. చెదలకు తేమ కావలెను. కావున దూలము గోడలో దిగినచోటును, కప్పు కారుచున్న చోటును ముఖ్యముగా పరీక్షింపవలెను.

3. దూలమును ఈ కొననుండి ఆ కొనవరకు అడుగడుగునకు సుత్తితో తట్టవలెను. గట్టి కొయ్య నిండు శబ్దము చేయును. లోపల డొల్లయైనచోట బోలు శబ్దము వచ్చును. సందేహము కలిగినచోట ఉలిమొనతో గ్రుచ్చి చూడవలెను. మొన శ్రమ లేక దిగినచో ఆ భాగము చెడినదని యర్థము.

4. పిట్ట చేసిన రంధ్రములోనికి టార్చిలైటు వేసి చూడవలెను. లోపల పురుగు దారులున్నవా, చెమ్మ యున్నదా, గూడు గాని గ్రుడ్లు గాని యున్నవా యని తెలిసికొనవలెను.

5. కప్పు భారము మోయు దూలముగాని స్తంభముగాని డొల్లయని తేలినచో, ఆ క్షణముననే దానిక్రింద గట్టి ఊతము నిలుపవలెను. ఆ గదిలో పరుండుట మాన్పింపవలెను. మిగిలిన పనులన్నియు తరువాతివే.

ఇచట ఒక ఉదాహరణము ఊహింతము. ఒక వీథిలో ఎదురెదురుగా రెండు పెంకుటిండ్లు కలవు. రెండింటి చూరు దూలములకును వడ్రంగిపిట్ట గంట్లు పెట్టినది. మొదటి గృహస్థు పిట్టను కొట్టించి, రంధ్రములను సిమెంటుతో పూడ్చి, పైన రంగు పూయించెను. చూచువారికి దూలము క్రొత్తదానివలె నుండెను. రెండవ గృహస్థు దూలమును తట్టి చూచి, గోడలో దిగిన కొన మూడడుగుల మేర చెదతినియున్నదని తెలిసికొని, ఊతము పెట్టి, ఆ భాగమును మార్పించెను. మొదటి యింట పిట్ట పోయెనుగాని చెద పోలేదు. దానిని తెలుపు గుర్తు మాత్రము రంగు క్రింద మాసిపోయెను. వానకాలమున పెంకు తడిసి బరువెక్కినప్పుడు ఆ యింట నిద్రించువారి గతి ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు. మొదటివాడు ఖర్చు తక్కువ చేసెనని నాడు వీథివారు అనుకొనియుందురు. నిజమునకు ఆయన ఖర్చును వాయిదా వేసి, దానిపై ప్రాణాపాయమును వడ్డీగా చేర్చుకొనెను.

పురుగు పట్టిన కలపకు చికిత్స

చెడిన భాగము ఎక్కువైనచో దూలమును మార్చుటయే క్షేమము. పైపై చెక్క మాత్రమే చెడినచో దానిని బాడిసెతో చెక్కివేసి, గట్టి భాగము కనబడినవరకు శుభ్రము చేయవలెను. కప్పు కారుచున్నచో ముందు దానిని బాగుచేయవలెను. తేమ పోని చోట ఏ మందును నిలువదు. గోడకు ఆనించి కట్టెలమోపులు, పాత చెక్కలు పేర్చు అలవాటు పెక్కు ఇండ్లలో కలదు. చెదలకు అది నిచ్చెన వేసి యిచ్చినట్లగును. వానిని గోడకు దూరముగా జరుపవలెను.

వెదురునకును, కప్పు క్రింద వాన తగులని కలపకును బోరాక్సు, బోరిక్ ఆమ్లము కలిపిన నీరు మంచి రక్షణ. నూరు లీటర్ల నీటికి రెండును కలిసి సుమారు ఐదు కిలోల చొప్పున కరిగించి అందు నానబెట్టుటయో, పలుమారు పూయుటయో చేయుదురు. ఇది వానకు కరిగిపోవును. కావున బయట తడియు కొయ్యకు పనికిరాదు. పిల్లలకును పశువులకును అందకుండ దీనిని భద్రపరుపవలెను. చెదలకు ఒకప్పుడు విరివిగా వాడిన ఆల్డ్రిన్ వంటి మందులు మన దేశమున నిషేధింపబడినవి. పాత డబ్బా ఇంటి మూలనున్నదని దానిని వాడరాదు. నేల మందు వేయింపవలసి వచ్చినచో లైసెన్సుగల వారిచేతనే వేయింపవలెను.

తుమ్మెద చేసిన రంధ్రము విషయమున తొందర కూడదు. ఆ తుమ్మెద కంది పూవులకు పరాగము మోయు ఉపకారి. పిల్లలు వెలువడి రంధ్రము ఖాళీయైన పిదప కొయ్యముక్క బిగించి పూడ్చి, దూలమునకు రంగు పూయించిన చాలును. రంగు వేసిన నున్నని కొయ్యకంటె వెలసిపోయిన పచ్చి కొయ్యనే అది యెక్కువగా కోరును.

క్రొత్తగా ఇల్లు కట్టువారికి పంచాయతీ ఇచ్చు సలహా ఇంతకంటె విలువైనది. చేవగల కలపను ఎన్నుకొనవలెను. మ్రాను నడిమి చేవకంటె చుట్టునున్న తెల్లచెక్కకు పురుగు త్వరగా పట్టును. అందు పురుగునకు ఆహారమైన పిండి పదార్థము ఎక్కువ. కొట్టిన కలపను బాగుగా ఆరనీయక కప్పుకెక్కింపరాదు. వెదురును కొన్ని వారములు నీట నానవేసి ఆరబెట్టు పూర్వాచారము ఊరక పుట్టినది కాదు. నీట నానినచో ఆ పిండి పదార్థము తగ్గి, పుచ్చు పట్టుటయు తగ్గును.

పురుగు లేనిచోట పిట్టను మరల్చుట

కలప గట్టిగా నున్నదని తేలిన పిదపను పిట్ట వచ్చుచున్నచో, అప్పుడు దానిని మరల్చు ఉపాయములు చూడవలెను. ఈ విషయమున అమెరికా వారి అనుభవము మనకు ఉపకరించును. మన యిండ్లలో కొయ్య ఎక్కువగా కప్పునకును ద్వారబంధములకును పరిమితము. గోడలు మట్టి, రాయి, ఇటుకలతో కట్టబడును. అమెరికాలో గోడలే చెక్కలతో కట్టిన ఇండ్లు పెక్కు కలవు. కావున అక్కడ ఈ బెడద మనకంటె చాల యెక్కువ.

పురుగు లేనిచోటను ఈ జాతి పక్షులు తొలుచుననుటకు 1995లో జరిగిన సంఘటన యొకటి చాలును. ఫ్లారిడా రాష్ట్రమునందలి కెన్నెడీ అంతరిక్ష కేంద్రమున డిస్కవరీ అను వ్యోమనౌక ప్రయోగమునకు సిద్ధముగా నిలుపబడియుండెను. దాని పెద్ద ఇంధనపు తొట్టికి చుట్టును నురుగువంటి మెత్తని తొడుగు కలదు. మే నెల చివర వడ్రంగిపిట్టలు ఆ తొడుగునకు సుమారు 200 రంధ్రములు చేసెను. వ్యోమనౌకను వేదికనుండి వెనుకకు తీసికొనిపోయి మరమ్మతు చేయవలసి వచ్చెను. జూన్ నెలలో జరుగవలసిన ప్రయోగము జూలై 13వ తేదీకి గాని జరుగలేదు. ఆ తొడుగులో పురుగులు లేవు. మెత్తగా నున్న ఎత్తైన మ్రాను దొరకినదని గూటికొరకు తొలిచెనని పరిశీలకులు తలచిరి. అంతటి నష్టము కలిగినను అధికారులు పక్షులను చంపింపలేదు. పెద్ద కన్నులు చిత్రించిన బుడగలు, ప్లాస్టిక్ గుడ్లగూబలు, బూరల చప్పుడు మొదలగు సాధనములతో వానిని దూరముగా నుంచిరి.

ఇట్టి సాధనములలో ఏది ఎంతవరకు పనిచేయునో కార్నెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన పరిశోధకులు ఇండ్లయందే పరీక్షించి చూచిరి. బొమ్మ గుడ్లగూబ, బొమ్మ కన్నులు, ధ్వనియంత్రము, గూటిపెట్టె, వేరొకచోట ఆహారము పెట్టుట, మెరయు పట్టీలు అను ఆరింటిలో నిలకడగా ఫలమిచ్చినవి మెరయు పట్టీలు మాత్రమే. అవియును సుమారు సగము ఇండ్లయందే బెడదను పూర్తిగా మాన్పెను. దీనినిబట్టి తెలియునదేమనగా, ఏ ఒక్క ఉపాయమును అన్నిచోట్ల ఫలింపదు. చవకైన దానితో ప్రారంభించి, ఫలితము చూచి, రెండవ దానికి పోవలెను.

మన పల్లెలలో చేయదగినవి ఇవి. మెరయు కాగితపు పట్టీలనుగాని, పాడైపోయిన సీడీ బిళ్లలనుగాని దారమునకు కట్టి, గాలికి తిరుగునట్లు పిట్ట వాలు చోట వ్రేలాడదీయవలెను. పిట్ట మొదటి గంటు పెట్టిన దినములలోనే ఈ పని చేయవలెను. అలవాటైన పిదప మరల్చుట కష్టము. చూరు క్రింద బెడద విడువనిచో ముప్పాతిక అంగుళమునకు మించని కన్నులుగల వలను కొయ్యకు మూడంగుళముల యెడముగా, పక్షి చిక్కుకొనకుండ బిగుతుగా కట్టవలెను. వదులైన వల పక్షికి ఉచ్చుగా మారును. గంట్లు పడిన చోటును వెంటనే లప్పముతో పూడ్చి రంగు వేయవలెను. పాత గంటు క్రొత్త గంటును పిలుచును. రేకుపై చప్పుడు చేయుచున్నచో రేకు వెనుక గోనెపట్టా దూర్చి శబ్దము అణచినచో పిట్టకు ఆ చోటుపై ఆసక్తి తగ్గును.

రంధ్రములో గ్రుడ్లు గాని పిల్లలు గాని యున్నచో పై పనులన్నిటిని ఆపవలెను. ముందు చెప్పిన లెక్క చొప్పున గ్రుడ్లు పెట్టిననాటినుండి పిల్లలు ఎగిరిపోవుటకు ఒక నెల దాటి కొద్ది దినములే పట్టును. అంతవరకు ఊతము పెట్టి వేచియుండి, గూడు ఖాళీయైనదని పగటివేళ చూచి నిశ్చయించుకొన్న పిదప మూసివేయవలెను. గూటిలో పిల్లలుండగా రంధ్రము పూడ్చుట క్రూరము, పైగా చట్టవిరుద్ధము.

చట్టము చెప్పునదేమి?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వడ్రంగిపిట్టకు రక్షణ కల్పించుచున్నది. ఆ చట్టమున వేట యనగా తుపాకితో కాల్చుట మాత్రమే కాదు. పట్టుట, చంపుట, విషము పెట్టుట, ఉచ్చు పన్నుట అన్నియు వేటయే. పక్షుల విషయమున గ్రుడ్లను పాడుచేయుట, గ్రుడ్లనుగాని గూటినిగాని కదలించుటయు వేటయే. ఆస్తికి హాని యను కారణమున గ్రామస్థుడు తనంత తాను పక్షిని చంపుటకు హక్కు లేదు. విధిలేని సందర్భములలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగాని, ఆయనచే అధికారము పొందినవారుగాని కారణములు తెలుపుచు వ్రాతమూలకముగా అనుమతి నీయవలెను. అట్టి అనుమతి నిచ్చు అధికారము పంచాయతీకి లేదు. సర్పంచి నోటిమాటగా “కొట్టుకొనుము” అని చెప్పినచో, చెప్పినవానికిని విన్నవానికిని చిక్కు తప్పదు.

బంక పూయుట, విషపు ఎర పెట్టుట ఇంకొక విధముగను అపాయకరములు. బంకకు తగులుకొనునది వడ్రంగిపిట్టయే కానక్కరలేదు. పిచ్చుకయో, చిలుకయో కావచ్చును. విషము తిని పడిన పక్షిని ఇంటి కుక్కయో, పిల్లియో తినును. ఎర పెరటి కోళ్ల పాలగుటయు కలదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఒక యింటి దూలము ఆ యింటివారి బాధ్యత. కాని పాఠశాల, అంగన్‌వాడి కేంద్రము, పంచాయతీ కార్యాలయము, చావడి మొదలగునవి ఊరందరివి. వాని కప్పు క్రింద ప్రతిదినము పసిపిల్లలు కూర్చుందురు. పాత భవనములలో కొయ్య దూలములు ఇంకను కలవు. వానిని ఏటేట తొలకరికి ముందు, పైన చెప్పిన క్రమమున తట్టి చూపించుట పంచాయతీ విధులలో నొకటిగా పెట్టుకొనవలెను. అందుకు వడ్రంగికి ఒక పూట కూలి చాలును. అనుమానము కలిగిన భవనమును పంచాయతీరాజ్ ఇంజనీరింగు శాఖవారికి వెంటనే వ్రాతమూలకముగా తెలుపవలెను.

రెండవ పని ఎండిన చెట్ల సంగతి. ఊరి పోరంబోకులలోను, చెరువుగట్ల మీదను ఎండు మ్రానులు నిలిచియుండుట చూచి, పనికిరానివని నరికించి వేలము వేయుట వాడుక. కాని వడ్రంగిపిట్టకు కావలసిన ఇల్లు అట్టి మ్రానే. ఊరిలోని ఎండు మ్రానులన్నియు పోయిన పిదప ఆ పిట్ట పందిరి గుంజను, చూరు దూలమును వెదకికొనుట వింత కాదు. కావున దారిమీదను, ఇండ్లమీదను, విద్యుత్తు తీగెల మీదను పడు ప్రమాదము లేని ఎండు మ్రానులను కొన్నిటిని విడిచిపెట్టవలెను. ప్రమాదకరమైన వానియందును కొమ్మలు కొట్టించి మొండెము నిలుపుటకు వీలున్నదేమో చూడవలెను. చెట్లను కొట్టించునప్పుడు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద కావలసిన అనుమతిని పొందవలెను.

మూడవది వ్రాతపని. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థయు జీవవైవిధ్య యాజమాన్య సంఘమును ఏర్పరుపవలెను. ఆ సంఘము ఉంచు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో గూళ్లుగల పాత చెట్లను, వాని తావులను చేర్పించుట మంచిది. వ్రాసియుంచిన చెట్టును తెలియక కొట్టివేయుట జరుగదు.

సభలో ప్రతిపాదించుటకు అనుకూలముగా ఒక తీర్మానపు నమూనా ఈ దిగువ నీయబడినది:

“మన గ్రామ పంచాయతీ పరిధిలోని సార్వజనిక భవనముల కొయ్య దూలములను, స్తంభములను, వాసములను ప్రతి సంవత్సరము వానకాలమునకు ముందు వడ్రంగిచే పరీక్షింపజేసి, ఫలితమును రిజిస్టరులో వ్రాయవలెననియు, గృహములకు వడ్రంగిపిట్టల వలన నష్టమని ఫిర్యాదు వచ్చినచో వార్డు సభ్యుడు మూడు దినములలో వెళ్లి కలపను చూపింపవలెననియు, పక్షులను, గ్రుడ్లను, గూళ్లను పాడుచేయరాదని గ్రామసభలో తెలుపవలెననియు, ప్రమాదము లేని ఎండు మ్రానులను నిలిపియుంచవలెననియు ఈ సభ తీర్మానించుచున్నది.”

ముగింపు

ఊరిలో కావలికాడు రాత్రివేళ కేక వేసినప్పుడు నిద్ర చెడినదని అతనిని కొట్టము. దొంగ ఏ గోడ దూకెనో చూతుము. ఒకప్పుడు ఆ కేక వట్టిదే కావచ్చును. అయినను లేచి చూచి, తలుపు గడియ వేసియున్నదని తెలిసికొని పరుండినవాడు నష్టపోడు. వడ్రంగిపిట్ట ముక్కు చప్పుడును అట్టిదే. దూలమును తట్టి చూచి, చెడినదైనచో బాగుచేయించి, బాగున్నచో పట్టీ కట్టి పిట్టను తోటలోనికి మరల్పవలెను. ఇంటి కప్పును నిలుచును, పక్షియు బ్రదుకును.

సభ్యులు చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఊరి సార్వజనిక భవనములలో కొయ్య దూలములు గలవి ఎన్ని? వానిని కడపటిసారి ఎవరు, ఎప్పుడు తట్టి చూచిరి?

2. పురుగుకొరకు చేసిన రంధ్రమునకును, గూటికొరకు చేసిన రంధ్రమునకును గల భేదములు ఏవి?

3. గూటిలో పిల్లలున్నవని తెలిసినప్పుడు యజమానునికి ఏమని నచ్చచెప్పుదురు?

4. మన ఊరి పోరంబోకులో ప్రమాదము లేక నిలిచియున్న ఎండు మ్రానులు ఎన్ని? వానిలో తొర్రలు గలవి ఎన్ని?